తల్లిదే తప్పంటారా?



మా మేడమీది వాటాలో ఒక అమ్మాయి ఉంటోంది. కొడుక్కి మూడేళ్లు నిండాయి, ఇంకా మాటలు రాలేదు. పిలిస్తే తిరిగి చూడడు. బొమ్మకారు తిరగేసి చక్రం తిప్పుకుంటూ గంటలకొద్దీ కూర్చుంటాడు. డాక్టరుగారు చూసి ఆటిజం అన్నారు. ఆ మాటకన్నా తర్వాత ఇంట్లో విన్న మాటలకే ఆ పిల్ల ఎక్కువ ఏడ్చింది. "ఉద్యోగమంటూ వెళ్లావు, వాణ్ణి టీవీ ముందు కూర్చోబెట్టావు. ఎత్తుకుని ముద్దుచేస్తే ఇలా అయ్యేవాడా?" అని అత్తగారు. ఎవరో మనస్తత్వం చూసి సలహాలిచ్చే ఆయనట, ఆయన కూడా తల్లిలో ప్రేమ లోటన్నాడు. "నిజమేనేమో పిన్నిగారూ, నాకే వాణ్ణి ఆడించడం చేతకాలేదు" అంటుంటే నా కడుపు తరుక్కుపోయింది.

ఈ నింద మన అత్తగార్లు కనిపెట్టింది కాదు లెండి. దీనికి పెద్ద పెద్ద చదువుల వాళ్లే పునాది వేశారు. అమెరికాలో బాల్టిమోర్ నగరంలో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో లియో కానర్ అనే పిల్లల మానసిక వైద్యుడు ఉండేవాడు. 1943లో ఆయన 11 మంది పిల్లలను గురించి రాసి, ఈ స్థితికి ఆటిజం అనే పేరు నిలిచేట్టు చేశాడు. ఇది పుట్టుకతో వచ్చినట్టే ఉందని ఆయనే రాశాడు. కాని ఆ వ్యాసంలోనే, ఈ తల్లిదండ్రుల్లో నిజంగా ఆప్యాయత గలవాళ్లు తక్కువ అని కూడా ఒక మాట వేశాడు. 1949కల్లా ఈ పిల్లల్ని ఫ్రిజ్‌లో పెట్టి ఉంచినట్టు పెంచారన్నాడు. ఇంకేముంది, "ఫ్రిజ్ తల్లులు" అని పేరు పడిపోయింది. 1967లో షికాగోలో బ్రూనో బెటల్‌హైమ్ అనే ఆయన ఒక పుస్తకం రాసి, ఈ పిల్లల స్థితిని నాజీల నిర్బంధ శిబిరాల్లోని ఖైదీల స్థితితో పోల్చాడు. ఆయన స్వయంగా ఆ శిబిరాల్లో ఉండి వచ్చినవాడు కాబట్టి జనం నమ్మారు. మరి శిబిరంలో కాపలావాడి స్థానంలో ఎవరున్నట్టు? కన్నతల్లి!

అసలు వాళ్లు చూసిందేమిటి? ఇక్కడ మాటలు రాని బిడ్డ, పక్కన బిగుసుకుపోయిన తల్లి. రెండూ ఒకచోట కనపడ్డాయి కాబట్టి రెండోది మొదటిదానికి కారణం అన్నారు. కాకి వాలింది, తాటిపండు పడింది! మామిడిపళ్లు తింటే ఒళ్లు పేలుతుందని మనమూ అంటాం. పళ్లు వచ్చేదీ, చెమటకాయలు లేచేదీ ఒకే ఎండల్లో అన్నది మరిచిపోతాం. రెండు విషయాలు జతగా కనపడటాన్ని శాస్త్రంలో సహసంబంధం అంటారు. అది అక్కడ వెతకమని చెబుతుంది గాని, దోషి ఎవరో చెప్పదు.

కొంచెం ఆలోచించండి. మీరు చెయ్యి చాపితే చెయ్యి అందించని బిడ్డ, నవ్వితే నవ్వని బిడ్డ, ఎత్తుకుంటే కర్రలా బిగిసే బిడ్డ. ఏడాదిపాటు అలా గడిచాక ఏ తల్లి ముఖంలో నవ్వు మిగులుతుంది? తల్లి బిగుసుకుపోవడం వల్ల బిడ్డ అలా అయ్యాడా, బిడ్డ స్థితి చూసి తల్లి అలా అయిందా? అదీగాక, ఆ రోజుల్లో అంత పేరున్న ఆసుపత్రిదాకా పిల్లవాణ్ణి తీసుకురాగలిగింది ఎవరు? బాగా చదువుకున్నవాళ్లు, మితంగా మాట్లాడే పెద్దమనుషులు. కూలి చేసుకునే తల్లి బిడ్డ ఆయన కంటపడితే కదా! ఇంకొకటి, తల్లిదండ్రుల్లో ఛాయగా ఉన్న స్వభావమే బిడ్డలో గట్టిగా దిగి ఉండవచ్చు.

ఈ ప్రశ్నలు గట్టిగా అడిగినవాడు బెర్నార్డ్ రిమ్లాండ్. అమెరికా నౌకాదళంలో మనస్తత్వ శాస్త్రవేత్త, ఇలాంటి పిల్లవాడికి తండ్రి. 1964లో పుస్తకం రాశాడు. అదే తల్లి పెంచిన మిగతా పిల్లలు చాలావరకు బాగానే ఉన్నారు కదా అన్నాడు. నా మట్టుకు నాకు ఈ ఒక్క ప్రశ్నే చాలు.

శాస్త్రానికి మాత్రం చాలదు. సూసన్ ఫోల్‌స్టీన్, మైకేల్ రటర్ అనే ఇద్దరు బ్రిటన్‌లో కవలలను వెతికారు. 1977లో వాళ్లు ప్రకటించిన లెక్క ఇది: మొత్తం 21 జతలు, ప్రతి జతలో కనీసం ఒకరికి ఆటిజం. అచ్చుగుద్దినట్టుండే ఏకరూప కవలలు 11 జతలైతే, వాటిలో 4 జతల్లో రెండోవాళ్లకీ ఉంది. మామూలు కవలలు 10 జతల్లో ఒక్క జతలోనూ రెండోవాళ్లకు లేదు. ఎవరి కవలలనైనా పెంచింది ఒక్క తల్లే కదా. పెంపకమే కారణమైతే రెండు రకాల్లోనూ లెక్క ఇంచుమించు ఒక్కటిగా ఉండాలి. లేదు. 21 జతలు చాలా తక్కువే, ఒప్పుకుంటాను. తర్వాత జరిగిన పెద్ద పరిశోధనలు కూడా పుట్టుకవైపే చూపించాయి.

ఆ సలహాలాయన చెప్పేదానికీ దీనికీ తేడా ఇక్కడే ఉంది. తల్లి ముద్దుచెయ్యకపోతే ప్రేమ లేదంటాడు, చేస్తే లోపలి విముఖతను కప్పిపుచ్చుతోందంటాడు. ఎటు తిరిగినా ఆయన మాటే నెగ్గుతుంది. చెయ్యి చూసి చెప్పేవాడి పద్ధతే! ఆ కవలల లెక్క మరోలా వచ్చి ఉంటే, పుట్టుక అన్నవాళ్లు ఓడిపోయేవాళ్లు. ఓడిపోయే వీలు పెట్టుకుని మాట్లాడారు వాళ్లు.

టీకాల వల్ల ఆటిజం వస్తుందన్న పుకారూ ఇలాంటిదే. 1998లో 12 మంది పిల్లలమీద వచ్చిన ఒక వ్యాసంతో అది రాజుకుంది. ఆ టీకా వేసే వయసూ, ఈ లక్షణాలు బయటపడే వయసూ దగ్గర దగ్గర. 2002లో డెన్మార్క్‌వాళ్లు 5,37,303 మంది పిల్లల లెక్క తీస్తే, టీకా వేయించుకున్నవాళ్లలో ఆటిజం ఎక్కువేమీ లేదు. 2010లో ఆ పత్రిక వ్యాసాన్ని వెనక్కి తీసుకుంది.

కానర్ కూడా 1969లో తల్లిదండ్రుల సంఘం సభకు వచ్చి, మీరు నిర్దోషులని అందరిముందూ చెప్పాడు. అప్పటికి ఎందరు తల్లులు ఏడ్చి ఉంటారో!

ఈ కవలల సంగతంతా మేడమీది అత్తగారికి కూడా చెప్పాను. ఒప్పుకున్నారో లేదో తెలియదు, పప్పు మాడుతోందని లోపలికి వెళ్లిపోయారు. మొన్న శుక్రవారం మాత్రం, మాటలు నేర్పే చోటికి మనవణ్ణి చంకనేసుకుని ఆవిడే ఆటో ఎక్కారు.

సెలవు.