అజెండాలో ఆఖరి అంశం

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన వారపు సమావేశంలో ఆఖరి అంశంగా "ఈ వారం చూడదగినవి, వినదగినవి" అనే పది నిమిషాల కార్యక్రమాన్ని నాకు అప్పగించి పదేళ్ళు దాటింది. ఆఫీసు నాటకాల్లో హాస్యపాత్రలు వేసేవాడినన్న ఒక్క అర్హతతో ఈ పని నా నెత్తిన పెట్టారు. నగరంలో ఆ వారం ఏ నాటకం ఉంది, హరికథ ఎక్కడ, అవధానం ఎవరిది, వాటిలో వెళ్ళదగినవి ఏవి, వెళ్ళి అవస్థ పడవలసినవి ఏవి అని నాలుగు నవ్వులు కలిపి చెప్పడం నా డ్యూటీ. కరోనా వచ్చిన 2020, 2021 సంవత్సరాల్లో తప్ప ఇది ఆగలేదు. ఇప్పుడు కార్యవర్గ మిత్రులు కొందరు ఆ పది నిమిషాలు తీసివేసి పెన్షను సమస్యలకు కేటాయించాలని ప్రతిపాదించారు. వచ్చే సర్వసభ్య సమావేశంలో తీర్మానం వస్తుంది. కాబట్టి ఇది ఉపన్యాసం కాదు, సంజాయిషీ అంతకన్నా కాదు. ఆ ఫైలు మీద ఓ పాత గుమాస్తా రాస్తున్న నోటుగా భావించండి.

ప్రతిపాదించిన మిత్రులను నేను తప్పు పట్టను. రావలసిన బాకీల గురించి, వైద్య ఖర్చుల గురించి మాట్లాడుకోవలసింది చాలా ఉంది. అయితే ఆ చర్చ ఎనభై నిమిషాలు సాగుతోంది. ఎనభై తొంభై అయినంత మాత్రాన బాకీలు పది నిమిషాలు ముందుగా రావు. ఇది నా మొదటి పేరా. మిగతా పేరాలు కొంచెం పెద్దవి, ఓపిక పట్టండి.

"పేపర్లో 'నగరంలో నేడు' అని రోజూ వేస్తారు గదా, మళ్ళీ నువ్వు చెప్పడమెందుకు?" అని ఒక మిత్రుడు అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. కాని ఆ కాలమ్ మన టపా రిజిస్టరు లాంటిది. కాగితం వచ్చింది, నంబరు వేశారు, అంతే. అందులో సరుకేమిటో రిజిస్టరు చెప్పదు. సాయంత్రం ఆరు గంటలకు నాటకం అని వేస్తారు. ఆరుంబావుకు జ్యోతి వెలిగిస్తారని, ఎనిమిదింటిదాకా సన్మానాలు, శాలువాలు, వక్తలు ఉంటారని, నాటకం మొదలయ్యేసరికి మన ఆఖరి బస్సు వెళ్ళిపోతుందని వేయరు. హాలుకు ఎన్ని మెట్లో, పట్టుకోవడానికి కమ్మీ ఉందో లేదో, మరుగుదొడ్డి ఏ అంతస్తులో ఉందో చెప్పరు. డెబ్బై దాటిన ప్రేక్షకుడికి కవిగారి పేరు కంటే ఇవి ముందు తెలియాలి. అన్నిటికన్నా ముఖ్యం, వెళ్ళినవాడు నవ్వాడా లేదా అన్నది. అది వెళ్ళి నవ్వి వచ్చినవాడే చెప్పాలి. నేను చూడని బృందాన్ని ఒక్కసారి కూడా ఈ వేదిక మీద సిఫారసు చేయలేదు. "ఫలానా వారి అబ్బాయి నాటకమండీ, ఒక మాట చెప్పండి" అన్నవాళ్ళున్నారు. సర్వీసులో ఉండగానే సిఫారసు మీద సంతకం పెట్టలేదు, ఇప్పుడెందుకు పెడతాను?

ఈ పని హాస్యగాడు చేయడం మన దగ్గర కొత్తేమీ కాదు. తోలుబొమ్మలాట చూసినవారికి కేతిగాడు, బంగారక్క గుర్తుండే ఉంటారు. రామాయణం నడుస్తూ నడుస్తూ ఉండగా తెర మీదికి దూకి, ఆ ఊరి సంగతులన్నీ ఏకరువు పెట్టేది ఆ ఇద్దరే. ఉదయం పొలం పని చేసి వచ్చి కునుకు తీస్తున్నవాడిని లేపి కథలో కూర్చోబెట్టే పని కేతిగాడిది. బుర్రకథలోనూ అంతే. మధ్యన కథకుడు, అటూ ఇటూ వంతలు. ఒక వంత లోకం పోకడ చెబితే ఇంకో వంత హాస్యం. షేక్ నాజర్ గారు బుర్రకథకు 1986లో పద్మశ్రీ తెచ్చారు. ఆయన కథ విన్నవారికి తెలుసు, ఆ హాస్యమే లేకపోతే తెల్లవార్లూ జనం కూర్చోరు. రేడియోలో కార్మికుల కార్యక్రమం విన్న తరం మనది. రాంబాబు, చిన్నక్క, ఏకాంబరం నవ్వుతూ చెప్పిన సంగతులు మనకు బుర్రకెక్కాయి. అవే సంగతుల మీద వచ్చిన సర్క్యులర్లు ఎక్కలేదు.

ఇక నేను తరచు చెప్పేవాటి గురించి. అవధానం అనగానే సగం మంది "అది పండితుల వ్యవహారం, మనకర్థం కాదు" అంటారు. తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి సామాన్య జనం ముందుకు తెచ్చిన విద్య అది. వేదిక మీద ఎనిమిదిమంది పృచ్ఛకులు. ఒకాయన సమస్య ఇస్తాడు. ఇంకొకాయన నాలుగు పదాలిచ్చి వాటితో పద్యం కట్టమంటాడు. నిషిద్ధాక్షరి వారు అవధాని నోట రాబోయే అక్షరాన్ని ముందే పసిగట్టి అది వద్దంటారు. మధ్య మధ్య గంట మోగుతుంది, మొత్తం ఎన్నిసార్లు మోగిందో చివర చెప్పాలి. ఇన్నిటి మధ్య అప్రస్తుత ప్రసంగి అనే మహానుభావుడు, పద్యం గొంతులో ఉన్న సమయం చూసి, "అవధాని గారూ, మీ ఇంట్లో వంకాయ కూర ఎవరు తరుగుతారు?" అన్న ధోరణిలో అడ్డు తగులుతాడు. అవధాని వెంటనే చమత్కారంగా బదులివ్వాలి, పద్యం తెగకూడదు. నన్నడిగితే, మన సీట్లో మనం చేసిందీ అష్టావధానమే. టేబిలు మీద అర్జంటు ఫైలు, ఎదురుగా అర్జీదారు, పక్కన ఫోను, లోపలినుంచి అధికారి గంట, ఇవి చాలనట్టు పక్క సీటాయన అప్పు. తేడా ఏమిటంటే అవధాని ఆఖరున అన్ని పద్యాలూ ధారణ చేసి ఒప్పజెబుతాడు. అందుకని నేను చెప్పేది, పద్యం అర్థం కాదని భయపడకండి, అప్రస్తుత ప్రసంగం కోసం వెళ్ళండి. రెండుసార్లు వెళ్ళేసరికి పద్యం దానంతట అదే చెవికి పడుతుంది. మన సంఘంలో పదకొండు మందికి పట్టింది.

సురభి గురించి చెప్పకుండా ఉండలేను. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో ఒక పెళ్ళి సందర్భంగా కీచకవధ ఆడారు. అంతకు ముందు తోలుబొమ్మలు ఆడించిన కుటుంబాలవారు అక్కడినుంచి మనుషులతో నాటకాలకు వచ్చారు. తాతలు, మనవలు, అత్తలు, కోడళ్ళు అంతా ఒకే సమాజంలో నటులు. మాయాబజార్‌లో ఘటోత్కచుడి మాయలు, గాలిలో ఎగిరే బాణాలు, క్షణంలో మారిపోయే తెరలు చూస్తూ మనవడికన్నా తాత ఎక్కువ నోరు తెరుస్తాడు. సురభి బాబ్జీగా పేరుపొందిన రేకందార్ నాగేశ్వరరావు గారికి 2013లో పద్మశ్రీ వచ్చింది. ఆ ఏడాదే ఫ్రాన్సులోని మెట్జ్ నగరంలో వీరి నాటకాలు ఆడారు. ఆయన 2022లో కాలం చేశారు. మనం పబ్లిక్ గార్డెన్స్‌కు జట్టుగా వెళ్ళి సురభి నాటకం చూసిన సాయంత్రం ఉన్నవారికి తెలుసు, ముందు వరుసల్లో మనమే లేకపోతే నటుల సంఖ్యే ప్రేక్షకుల సంఖ్య కన్నా ఎక్కువ. ఆ వయసు పిల్లలు మొహానికి రంగు పూసుకుని ఖాళీ కుర్చీలకు పద్యం పాడవలసి వస్తే రేపు ఆ రంగు పూసుకుంటారా? ఫ్రాన్సు వాళ్ళు పిలిచి చూశారు, మనం మెట్రోలో వెళ్ళి చూడలేమా?

మిమిక్రీకి మనకు పెద్దదిక్కు నేరెళ్ళ వేణుమాధవ్ గారు. 1932లో వరంగల్లులో పుట్టి, 2001లో పద్మశ్రీ అందుకుని, 2018లో వెళ్ళిపోయారు. ఆయన దాన్ని ధ్వన్యనుకరణ అనేవారు. గొంతు అనుకరించడం వేరు, మనిషిని వెక్కిరించడం వేరు. ఆయన అనుకరించిన పెద్దలే ముందు వరుసలో కూర్చుని నవ్వేవారు. ఇప్పుడు టీవీలో వచ్చేదాంట్లో సగం వెక్కిరింతే. డిసెంబరు 28 ఆయన పుట్టినరోజు, ఆ రోజుల్లో మిమిక్రీ సభలు జరుగుతుంటాయి, అవి వదలవద్దు.

కన్యాశుల్కం సంగతి వేరు. 1892లో విజయనగరంలో మొదట ఆడిన ఆ నాటకాన్ని గురజాడ వారు 1909లో తిరగరాసి పెంచారు. పూర్తిగా ఆడితే రాత్రంతా పడుతుంది, అందుకని ఈ రోజుల్లో ముక్కలు చేసి ఆడతారు. హెడ్డు కనిస్టీబు, వకీళ్ళు, దొంగసాక్ష్యాలు, అందులో కచేరీ వ్యవహారం చూస్తే మనకు సొంత ఊరికి వెళ్ళినట్టుంటుంది. గిరీశంగా పేరు తెచ్చుకున్న జె.వి. రమణమూర్తి గారు, వారి అన్నగారు సోమయాజులు గారు ఈ నాటకాన్ని రంగస్థలం మీద నిలబెట్టారు. సోమయాజులు గారు డిప్యూటీ కలెక్టరుగా ఉద్యోగం చేస్తూనే 1980లో శంకరాభరణంలో శంకరశాస్త్రి అయ్యారు. రేలంగి, ఎస్.వి. రంగారావు గార్లు కూడా కాకినాడ యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్బు నాటకాల్లో రాటుదేలినవారే. క్లబ్బు పేరులోనే ఆనందం పెట్టుకున్నారు చూశారా! మన సంఘం పేరులో లేకపోయినా అజెండాలో అయినా ఉండనివ్వండి.

కుర్రకారు ఆడే స్టాండప్ కామెడీ గురించి కూడా అడుగుతున్నారు. మనవడితో కలిసి మూడు చూశాను. టికెట్టు ఖరీదు, సగం ఇంగ్లీషు, కొన్ని మాటలు ఇంట్లో ఆడవాళ్ళ ముందు చెప్పుకోదగ్గవి కావు. కాని వాళ్ళ దగ్గర రెండు మంచి గుణాలు చూశాను. చెప్పిన టైముకు మొదలుపెడతారు, జ్యోతి ప్రజ్వలన లేదు. రెండోది, చివర్లో మైకు పట్టుకుని "వచ్చే వారం ఫలానా కుర్రాడు చేస్తున్నాడు, నాకంటే బాగా చేస్తాడు, రండి" అంటారు. సాటివాడి కార్యక్రమానికి జనాన్ని పంపే కళాకారుణ్ణి చూసి ఎన్నాళ్ళయిందో!

లాఫింగ్ క్లబ్బు పెట్టుకుంటే సరిపోతుంది గదా అని ఇంకో సూచన వచ్చింది. 1995లో బొంబాయిలో డాక్టర్ మదన్ కటారియా అయిదుగురితో మొదలుపెట్టిన ఉద్యమం అది. మొదట్లో జోకులు చెప్పుకున్నారట, కొన్నాళ్ళకే మంచి జోకులు అయిపోయి, జోకు లేకుండా నవ్వడం మొదలుపెట్టారు. ఆరోగ్యానికి మంచిదేమో, నేను కాదనను. నాకు మాత్రం కారణం లేకుండా నవ్వాలంటే ఆఫీసరు జోకు గుర్తుకొస్తుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మన సభ్యుల్లో ఇరవై ఆరుగురు సోదరీమణులున్నారు. కొందరు స్వయంగా ఉద్యోగం చేసి రిటైరయినవారు, మరికొందరు భర్త పోయాక కుటుంబ పెన్షను తీసుకుంటున్నవారు. వారిలో ఒకరు నాకు చెప్పిన మాట ఇది. "అన్నయ్యగారూ, నాటకానికి వెళ్ళొస్తానంటే ఇంట్లో టీవీ ఉందిగా, ఈ వయసులో రాత్రిపూట ఎందుకమ్మా అంటాడు మా అబ్బాయి. సంఘం కార్యక్రమం ఉందంటే మాత్రం తనే ఆటో మాట్లాడతాడు." ఆ మాట విన్న వారం నుంచి నేను చెప్పేవి కార్యదర్శి గారి సంతకంతో ఒక కాగితం మీద రాసి ఇస్తున్నాం. ఆ కాగితం చేతిలో ఉంటే కొడుకూ కోడలూ అడ్డు చెప్పరు. 2023 డిసెంబరు నుంచి వారికి బస్సు చార్జీ లేదు. అయినా చార్జీ లేనంత మాత్రాన గుమ్మం దాటలేరు, ఒక పిలుపు కావాలి. మగవాళ్ళం మనమేదో స్వతంత్రులమని అనుకోవద్దు. భార్య పోయిన తరువాత రెండేళ్ళు వరండా కుర్చీ దిగని మిత్రుడొకరు మనలోనే ఉన్నారు. హరికథకు వెళదాం రమ్మంటే రాలేదు, అవధానానికి రాలేదు. "పక్క సీటు టికెట్టు కొనేశాను, వృథా అవుతుంది" అంటే వచ్చారు. గుమాస్తాగా పనిచేసిన మనిషి డబ్బు వృథా కానివ్వడు! ఆయన ఇప్పుడు నాకంటే ముందే హాలు దగ్గరుంటున్నారు, కుర్చీలు ఆపి పెడుతున్నారు. ఆయన పేరు చెప్పను, ముందు వరుసలో నవ్వుతున్నారు, చూడండి.

వాట్సాప్‌లో పెడితే చాలదా అంటే, పెట్టి చూశాం. నూట ఎనభైమంది చూశారు, నలుగురు వచ్చారు. సభలో నోటితో చెప్పి, "మీరొస్తున్నారా?" అని ముఖం చూసి అడిగిన వారం ముప్పై ఒక్కరు వచ్చారు. హాజరు పట్టీ ట్రెజరరు గారి దగ్గరుంది, తనిఖీ చేసుకోవచ్చు. ఈ ప్రతిపాదన చేసినది కూడా ఆయనే కాబట్టి లెక్కలో అనుమానం అక్కరలేదు.

తీర్మానం మీరెలా చేసినా నాకు సమ్మతమే. పది నిమిషాలు ఎక్కువనిపిస్తే ఏడు చేయండి, సర్దుకుంటాను. సున్నా చేస్తే మాత్రం సమావేశమయ్యాక బయట టీ బండి దగ్గర చెబుతాను, వినేవాళ్ళు వింటారు.

ఈ వారం మాట. శనివారం చిక్కడపల్లి త్యాగరాయ గానసభకు వెళుతున్నాం. మెట్రోలో వచ్చేవారు చిక్కడపల్లి స్టేషనులో దిగండి, లిఫ్టు ఉంది. అయిదున్నరకల్లా అందరం స్టేషను కింద కలుసుకుందాం. కార్యక్రమం ఆరింటికని వేశారు కాబట్టి ఆరున్నరకు మొదలవుతుంది. బీపీ మాత్ర వేసుకుని రండి, కళ్ళజోడు మరవకండి, లోపల ఏసీ ఎక్కువగా ఉంటుంది, శాలువా తెచ్చుకోండి. మనకెవరూ కప్పరు.