గోడమీది గ్రంథము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



ఒక గ్రామము ఇరువదియైదేండ్లు తన గ్రంథాలయమును నిలుపుకొనుట సామాన్య విషయము కాదు. ఈ శుభసమయమున అట్టలు గాని పుటలు గాని లేని ఒక గ్రంథమును గూర్చి నాలుగు మాటలు మనవి చేసెదను. అది శ్రీకాళహస్తి కలంకారి వస్త్రము.

అక్షరము కొందఱి సొత్తుగా నున్న కాలమున పురాణకథలు హరికథల ద్వారా చెవికిని, ఇట్టి వస్త్రముల ద్వారా కంటికిని అందినవి. వస్త్రము నడుమ పెద్ద గడిలో శ్రీరామ పట్టాభిషేకము వంటి ఘట్టముండును. చుట్టును చిన్న గడులలో వరుసగా కథ నడచును. పెక్కు వస్త్రములలో బొమ్మలతోపాటు కథాసందర్భము తెలుగులో వ్రాయబడి యుండును. చదువు రానివాడు బొమ్మను చూచును. వచ్చినవాడు అక్షరములు చదివి ప్రక్కవానికి వినిపించును. గ్రంథాలయము చేయు పనియు నిదియే కదా! దేవాలయములలో వ్రేలాడిన ఈ వస్త్రమే చిన్నదై మన పూజగదులలోనికి వచ్చినది.

కలమనగా లేఖిని, కారి యనగా పని. ఇవి పారసీక పదములు. మచిలీపట్నము ప్రాంతమున, పెడనలో, చెక్క అచ్చులతో అద్దుదురు. కాళహస్తిలో కలముతో చేతనే వ్రాయుదురు.

ఆ వ్రాత వెనుకనున్న శ్రమను వినుడు. ముతక నూలుగుడ్డను కరక్కాయ రసము కలిపిన గేదెపాలలో నానబెట్టి ఆరవేయుదురు. పాలలోని జిడ్డు సిరాను ప్రక్కలకు ప్రాకనీయదు. చింతపుల్లలను కాల్చిన బొగ్గుతో ముందుగా రూపము గీయుదురు. త్రుప్పుపట్టిన ఇనుపముక్కలను బెల్లపు నీటిలో సుమారు ఇరువది దినములు ఊరవేసిన ద్రవమే సిరా. దానిని కసిమి యందురు. అది కరక్కాయ వగరుతో కలిసిన చోట నల్లని గీత యగును. కలము వెదురుపుల్ల, దానికి చుట్టిన ఉన్నిని వ్రేళ్లతో మెల్లగా నొక్కినకొలది సిరా దిగును. ఎఱుపు కావలసిన చోట పటిక నీరు పూసి, రంగునిచ్చు వేళ్లతో, బెరడులతో ఉడుకబెట్టుదురు. పసుపుపచ్చకు కరక్కాయ పువ్వు, నీలమునకు నీలిమందు. నడుమ నడుమ పాఱునీటిలో ఉదుకవలెను. ఒక్క వస్త్రమునకు ఇన్ని మాఱులు నీరు, ఎండ, ఓపిక కావలెను.

ఇట్టి విద్య ఒకప్పుడు క్షీణదశకు వచ్చెను. కమలాదేవి ఛటోపాధ్యాయగారి వంటివారి పూనికతో 1957లో కాళహస్తియందు శిక్షణకేంద్రము వెలసెను. జొన్నలగడ్డ లక్ష్మయ్యగారు అచట శిష్యులకు విద్య గఱపిరి. ఆయన కుమారులు గుఱ్ఱప్పశెట్టిగారికి 2008లో పద్మశ్రీ లభించెను.

అయినను నేడు మఱియొక ఆపద కలదు. యంత్రముపై అచ్చొత్తిన గుడ్డలు కలంకారి పేరుతోనే అంగళ్లలో అమ్ముడుపోవుచున్నవి. చౌకయైన గుడ్డ కొనుట తప్పు కాదు. అచ్చును వ్రాతయని నమ్మి కొనుటయే నష్టము. దానివలన నెలలు శ్రమించినవాని కూలి యంత్రపు వెలతో పోటీపడవలసి వచ్చుచున్నది. కనుక కొనుటకు ముందు పరిశీలింపుడు. చేతివ్రాతలో ఏ రెండు ముఖములును, ఏ రెండు ఆకులును సరిగా ఒక్కటిగా నుండవు; గీత ఒకచోట లావు, ఒకచోట సన్నము. అచ్చులో ఒకే రూపు తేడా లేక మరల మరల వచ్చును. ఎవరు వ్రాసిరి, ఏ రంగులతో వ్రాసిరి యని అడుగుడు. అడుగువారున్నంతకాలమే వ్రాయువారుందురు.

ఇంట పాత వస్త్రమున్నవారు దానిని ఎండ తగులు గోడకు గాని, దీపపు మసి సోకు చోట గాని కట్టకుడు. మడతపెట్టిన మడతవద్ద చివుకును. నూలుగుడ్డలో చుట్టి దాచుడు.

చివరగా ఒక విన్నపము. ఈ రజతోత్సవ చిహ్నముగా, చేతితో వ్రాసిన కలంకారి రామాయణ మొకటి కొని మన పఠనమందిరపు గోడకు అలంకరింపుడు. దానిపై కొన్నవారి పేరు వ్రాయకున్నను సరియే. వ్రాసిన చిత్రకారుని పేరును, ఊరును మాత్రము ప్రక్కన తప్పక వ్రాయింపుడు. పుస్తకమునకు గ్రంథకర్త పేరు వేయు మనము ఈ గ్రంథమునకు మాత్రము ఏల వేయరాదు?

సెలవు.