పేరు రాయడం వేరు, పిల్ల రావడం వేరు

(డిసెంబరు 17 పెన్షనర్ల దినోత్సవ సభలో మన సంఘ సభ్యురాలు, స్త్రీ శిశు సంక్షేమ శాఖ విశ్రాంత సూపర్‌వైజరు చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి కార్యదర్శిగారు వివరంగా చెప్పారు. నన్ను మాత్రం "మీ శాఖ అనుభవం ఏదైనా నాలుగు మాటలు చెప్పండమ్మా" అని ఆదేశించారు. నేను ఉపన్యాసకురాలిని కాను. ఊళ్ళు తిరిగిన మనిషిని. తిరిగినచోట చూసింది చెప్తాను. తప్పులుంటే మన్నించండి.

1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షను అనేది ప్రభుత్వం దయతలచి ఇచ్చే దానం కాదు, ఉద్యోగి హక్కు అని తీర్పు చెప్పింది. అందుకే మనం ఈ రోజున ఇలా కలుసుకుంటున్నాము. అటువంటి హక్కే మరొకటి ఉన్నది. ఆ హక్కుదారులకు సంఘం లేదు, సభ లేదు, వినతిపత్రం రాసే చేయి లేదు. వాళ్ళ వయసు ఆరేళ్ళలోపు. వాళ్ళ గురించే నా నాలుగు మాటలు.

సమగ్ర శిశు అభివృద్ధి పథకం, అంటే ఐ.సి.డి.ఎస్., 1975 అక్టోబరు 2న దేశం మొత్తం మీద 33 ప్రాజెక్టులతో మొదలైంది. పౌష్టికాహారం, టీకాలు, ఆరోగ్య పరీక్ష, అవసరమైతే ఆసుపత్రికి పంపడం, తల్లులకు ఆరోగ్య బోధ, పూర్వ ప్రాథమిక విద్య అని ఆరు సేవలు. నేను 1986లో సూపర్‌వైజరుగా చేరి 2016లో పదవీ విరమణ చేశాను. సర్వీసులో సగం పాలమూరులో, సగం నల్లగొండలో గడిచింది. ఇప్పుడు ఆ రెండు పాత జిల్లాలూ అనేక జిల్లాలయ్యాయి. నేను పాత పేర్లతోనే మాట్లాడతాను. మీకూ అవే అలవాటు.

1991లో దేవరకొండ వైపు ఒక ఊరి కేంద్రం తనిఖీకి వెళ్ళాను. హాజరు పట్టీలో 38 మంది పేర్లున్నాయి. చాపమీద 11 మంది పిల్లలున్నారు. ఆ 11 మందీ ఊరి పిల్లలే. రెండు కిలోమీటర్ల అవతల ఉన్న లంబాడీ తండా పిల్లలు ఒక్కరూ లేరు. నేనేం చేశానో దాచకుండా చెప్తాను. కార్యకర్తను నలుగురిలో మందలించి మెమో రాసి చేతిలో పెట్టాను. ఆమె ఏడవలేదు, ఎదురు మాట్లాడలేదు. "ఒక్కనాడు పొద్దుగాల నాతోని తండాకు రాండ్రి మేడం, అటెన్క మీ ఇష్టం" అన్నది.

మరునాడు తెల్లవారుజామున వెళ్ళాము. మేము చేరేసరికే సగం ఇళ్ళకు గొళ్ళేలు పెట్టి ఉన్నాయి. పెద్దవాళ్ళు ఆముదాలు తెంపడానికి పోయారు. ఒక గడపలో తొమ్మిదేళ్ళ పిల్ల, చంకలో తమ్ముడు, పక్కన రెండు మేకలు. "తమ్ముణ్ణి బడికి ఎందుకు తేవడంలేదమ్మా?" అని అడిగాను. ఆ పిల్ల నావైపు చూడకుండా కార్యకర్తతో తన భాషలో ఏదో చెప్పింది. కార్యకర్త తెలుగులో నాకు చెప్పింది: "వీణ్ణెత్తుకొని వాగు దాటి నేనే రావాలె. మళ్ళ పగటీలికి నేనే తోలుకపోవాలె. ఇగ మేకల నెవరు చూస్తరు అంటున్నది మేడం."

దానికి నా దగ్గర జవాబు లేదు. మెమో వెనక్కు తీసుకున్నాను. పేరు రాయడం వేరు, పిల్ల రావడం వేరు అని ఆ రోజు తెలిసింది. ఆ తరువాత ఇరవై అయిదేళ్ళూ నేను నేర్చుకున్నదంతా ఈ ఒక్క మాటకు వివరణే.

మొదటిది, చోటు. అంగన్‌వాడీ అనే మాట ఎక్కడిదో మనలో చాలామందికి తెలియదు. మహారాష్ట్రలో తారాబాయి మోడక్ 1945లో బోర్డి గ్రామంలో బాలవాడి ప్రారంభించారు. దళితవాడ పిల్లలు అక్కడికి రాకపోతే, ఆమె, ఆమె సహచరి అనుతాయి వాఘ్ వాడలోకే వెళ్ళి ఇళ్ళ ముంగిళ్ళలో పిల్లలను కూర్చోబెట్టుకున్నారు. అంగణమంటే ముంగిలి. పిల్ల బడికి రాలేకపోతే బడే పిల్ల దగ్గరకు పోవాలన్నది ఆ పేరులోనే ఉన్నది. మనం పేరు తెచ్చుకున్నాము, ముంగిలి మరిచిపోయాము. కేంద్రం ఊరి నడుమ, పెద్దల ఇళ్ళ పక్కన పెట్టాము. ఒక ఊళ్ళో వాడకట్టు తల్లి నన్ను సూటిగా అడిగింది: "మా పిల్లగాండ్లు ఆ వాకిట్ల కూసుంటే వాళ్ళు ఊకుంటరా మేడం?" ఎవ్వరూ ఆ పిల్లలను రావద్దని చెప్పలేదు. రమ్మనీ చెప్పలేదు. రమ్మనకపోవడం కూడా పొమ్మనడమేనని ఆ తల్లికి తెలుసు.

అప్పట్లో మైదాన ప్రాంతంలో వెయ్యి జనాభాకు, గిరిజన ప్రాంతంలో 700 జనాభాకు ఒక కేంద్రమని లెక్క. తండాలు, నల్లమలలోని చెంచు పెంటలు ఆ లెక్కకు ఎక్కడ అందుతాయి? ఆ లెక్క మారడానికి సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది. ప్రతి ఆవాసానికీ అంగన్‌వాడీ ఉండాలని 2001 నవంబరు 28న ఆదేశించింది. ఆరేళ్ళలోపు పిల్లలు 40 మంది ఉండి కేంద్రం లేని చోట, ప్రజలు అడిగిన మూడు నెలలలోగా పెట్టి తీరాలని, దళిత, గిరిజన ఆవాసాలకు ముందు ఇవ్వాలని 2006 డిసెంబరు 13న చెప్పింది. ఆ మీదట 150 జనాభా ఉన్నచోట కూడా మినీ కేంద్రం పెట్టే వీలు కలిగింది. 2013 ఆహార భద్రతా చట్టం, 3 నుండి 6 ఏళ్ళ పిల్లకు రోజూ 500 కేలరీలు, 12 నుండి 15 గ్రాముల మాంసకృత్తులు గల ఆహారం ఇవ్వడాన్ని అప్పట్లో చట్టంలోనే రాసింది. పెన్షను మనకు ఎట్లాగో, ఆ గిన్నెలోని అన్నం ఆ పిల్లకు అట్లాగే.

రెండవది, వేళ. కూలికి పోయే తల్లి పొద్దున ఏడు గంటలకే ఆటో ఎక్కుతుంది. మన కేంద్రం తొమ్మిదింటికి తెరుస్తాము. ఆ రెండు గంటలు పిల్లను ఎవరు చూడాలి? అక్క చూడాలి. అంటే అక్క బడి మానాలి. కేంద్రం తలుపు ఒక గంట ముందు తెరిచి, ఆయమ్మ నాలుగిళ్ళు తిరిగి పిల్లలను తోలుకొచ్చిన చోట పిల్లల సంఖ్య దానంతటదే పెరగడం నేను చూశాను. దానికి జి.ఓ. అక్కరలేకపోయింది. కాని ఆయమ్మ ఆ శ్రమ తన జీతంలో లేని శ్రమగా చేసింది. ఆ సంగతి మనం మరువరాదు.

మూడవది, భాష. నారాయణపేట వైపు కొన్ని ఇళ్ళలో కన్నడం, కొన్ని ఇళ్ళలో మరాఠీ. మహబూబ్‌నగర్ పట్టణపు మొహల్లాలలో ఉర్దూ. తండాలో లంబాడీ. మూడేళ్ళ పిల్లకు దాహమైతే "పాణి" అంటుంది. అర్థం కాని పంతులమ్మ ముందు ఒకటి రెండుసార్లు అడిగి ఊరుకుంటుంది. మూడోనాడు రానని ఏడుస్తుంది. ఆ తండా కోడలినే ఆయమ్మగా తీసుకున్న చోట ఈ చిక్కు రాలేదు. తల్లిని "యాడి" అని పిలిచే పిల్లకు, ఆ మాట తెలిసిన మనిషి ఒకరు కేంద్రంలో ఉండాలి. ముందు తన భాషలో ఒదిగిన తరువాతనే తెలుగు పాటలు వస్తాయి. మా ఉన్నతాధికారులు ఆట వస్తువులు అడిగితే ఇచ్చేవారు. మనిషిని అడిగితే మాత్రం ఆలస్యమయ్యేది.

నాలుగవది, నమ్మకం. 1999, 2001 ప్రాంతాలలో మన దేవరకొండ వైపు తండాల ఆడశిశువులను దత్తత పేరుతో అమ్మిన సంగతి పత్రికల కెక్కింది. ఆ తరువాత కాగితం, కలం పట్టుకొని ఎవరు తండాలోకి వచ్చినా తల్లులు పిల్లలను లోపలికి పంపేవారు. ఏ తప్పూ చేయని తల్లులు కూడా భయపడ్డారు. అటువంటి ఇంటికి మొదటి రోజే పుట్టిన తేదీ అడుగుతూ పోతే పని జరగదు. మేము మొదట రిజిస్టరు సంచిలో పెట్టుకొని వెళ్ళాము, బయటికి తీయలేదు. నాయక్ ఇంటి అరుగు మీద కూర్చొని, పంటల గురించి, తీజ్ పండుగ గురించి మాట్లాడాము. మూడో రాకలో ఒక ముసలమ్మ తనే మనుమరాలిని తెచ్చి తూకానికి వేసింది. ఆ వెనుక మిగిలినవాళ్ళు వచ్చారు. తండాలో గడపలు తెరిపించేది ముసలమ్మలే, అధికారులు కారు.

ఇప్పుడు కాగితం బదులు ఆధార్, సెల్‌ఫోనులో పోషణ్ ట్రాకర్ వచ్చాయి. పిల్లకు ఆధార్ లేదని ఎవరైనా వెనక్కు పంపితే నమ్మకండి. పిల్ల ఆధార్ తప్పనిసరి కాదు, తల్లి ఆధార్‌తో సేవలు పొందవచ్చునని కేంద్ర మంత్రిత్వ శాఖ 2022లోనే వివరణ ఇచ్చింది. ఈ ఒక్క మాట తెలియక తిరిగిపోయే తల్లులు ఉంటారు.

ఐదవది, అన్నిటికన్నా కష్టమైనది, వలస. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా, కాలువ తవ్వినా మనవాళ్ళ చెమట ఉన్నది. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని ఆలుమగలు బొంబాయి బస్సు ఎక్కితే, పెద్దపిల్ల ముసలివాళ్ళ దగ్గర ఉంటుంది, చంటిపిల్ల తల్లి వెంట పోతుంది. లేదా చంటిపిల్లను ఆడించడానికి పెద్దపిల్ల కూడా పోతుంది. మేము హాజరు పట్టీలో ఎర్రసిరాతో "వలస" అని రాసి చేతులు దులుపుకొనేవాళ్ళము. ఆ మాట రాస్తే మా లెక్క సరిపోయేది. అక్కడ మట్టికుప్ప పక్కన కూర్చున్న పిల్ల ఏం తిన్నదో ఏ లెక్కలోనూ లేదు.

ఆ పిల్లల కోసం మేము చేయగలిగింది చిన్నదే. బయలుదేరే ముందు తూకం వేసి, టీకాల కార్డు తల్లి కొంగున కట్టించి, "ఏ ఊళ్ళో ఉన్నా అక్కడి అంగన్‌వాడీకి పో, నీకు పెట్టాల్సిందే" అని చెప్పి పంపేవాళ్ళము. ఈ రోజున పోషణ్ ట్రాకర్‌లో ఒక కేంద్రం నుండి మరొక కేంద్రానికి, వేరే రాష్ట్రానికైనా, పేరు మార్చుకొనే ఏర్పాటు ఉన్నది. మీట నొక్కేవాళ్ళు కావాలి, అంతే.

ఇక ఆ తొమ్మిదేళ్ళ పిల్ల సంగతి అడుగుతారు. తండాలోనే ఒక ఇంటి ముంగిట రోజూ పిల్లలను కూర్చోబెట్టడం 1993లో మొదలుపెట్టాము. తమ్ముడు వచ్చాడు. అప్పటికి ఆమెకు పదకొండేళ్ళు. బడిలో చేర్పించాము. ఆరేళ్ళ పిల్లల నడుమ ఒకటో తరగతిలో కూర్చోవడానికి సిగ్గుపడి నెలరోజులకే మానేసింది. తరువాత పెళ్ళయింది. ఆమె చెల్లెలు మాత్రం కేంద్రం నుండి నేరుగా బడికి వెళ్ళి పది పాసైంది. ఒకే ఇల్లు, ఒకే తల్లి. తేడా అంతా మేము ఆలస్యం చేసిన సంవత్సరాలే. ఆ మాట నా సర్వీసు రిజిస్టరులో ఎక్కడా లేదు కనుక ఇక్కడ చెప్పుకుంటున్నాను.

మిత్రులారా, 2002లో 86వ రాజ్యాంగ సవరణ ఆరేళ్ళలోపు పిల్లలందరి సంరక్షణకు, విద్యకు ప్రభుత్వం కృషి చేయాలని 45వ అధికరణంలో రాసింది. మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్ళలోపే జరుగుతుందని 2020 జాతీయ విద్యా విధానం చెప్తున్నది. ఇవన్నీ మనకు తెలుసు. మన మనుమలను ఎల్.కె.జి.లో చేర్పించడానికి మూడేళ్ళకే తొందరపడుతున్నాము కదా. మన ఇంట్లో అంట్లు తోమే అమ్మాయి బిడ్డకు కూడా అదే మూడేళ్ళు.

కనుక మీకు మూడు విన్నపాలు. మీ వీధిలో కట్టే ఇంటి దగ్గర కూలీలు పాలమూరువాళ్ళయినా, ఒరిస్సావాళ్ళయినా, వాళ్ళ పిల్లలెందరో అడగండి. దగ్గరి అంగన్‌వాడీకి మీరే చేయిపట్టుకొని తీసుకుపోండి. రెండవది, వారానికి ఒక పూట ఆ కేంద్రానికి వెళ్ళి ఒక కథ చెప్పండి. మనలో పంతుళ్ళు ఎందరో ఉన్నారు. మూడవది, కేంద్రం లేని బస్తీ గాని, తండా గాని కనిపిస్తే 40 మంది పిల్లల పేర్లు రాసి అర్జీ పెట్టించండి. అర్జీ ఎట్లా రాయాలో, ఎవరి టేబుల్ మీద ఆగిపోతుందో మనకన్నా తెలిసినవారు ఎవరున్నారు?

కాగితంలో పేర్లు నింపే పని మనమందరం సర్వీసంతా చేశాము. ఇప్పుడు పిల్లను గడప దాటించే పని కాస్త చేద్దాము.