కోపార్సినర్ అంటే మొదట కూతురే

(నూజివీడు ప్రాంత మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆస్తిహక్కు గురించి మాట్లాడమన్నారు. చట్టంలోని సెక్షన్లు మీలో చాలామందికి తెలిసినవే. నేను ఒక మాట పుట్టుక గురించి చెబుతాను. ఆ మాట ఏమిటో తెలియకుండానే మన ఊళ్ళలో ఆడపిల్లలు హక్కు విడుదల దస్తావేజుల మీద సంతకాలు పెడుతున్నారు.

మాటలు దేశాలు తిరుగుతాయి. ఇంగ్లీషువాళ్ళ మ్యాంగో మన దక్షిణాది మాటే. కేరళ తీరంలో మాంగ అన్నదాన్ని పోర్చుగీసువాళ్ళు పట్టుకెళితే, వాళ్ళ దగ్గర్నుంచి ఇంగ్లీషులోకి చేరింది. అటునుంచి మనకొచ్చింది చూడండి, తోతాపురి కాయను మన తోటల్లో కలెక్టరు అంటాం! ఇవి సరదా మాటలు. సరదా కానివి కోర్టుల్లోకి వచ్చాయి.

వాటిలో ఆడవాళ్ళకు సంబంధించిన పాత మాటలు కొన్ని వింటే ఆశ్చర్యం వేస్తుంది. స్పిన్‌స్టర్ అంటే నూలు వడికే మనిషి, అంటే ఒక పనిమంతురాలు. 17వ శతాబ్దం నాటికి అది పెళ్ళికాని స్త్రీ పేరు పక్కన రాసే గుర్తయింది. ఇంగ్లండు వివాహ రిజిస్టర్లలో 2005 చివరిదాకా ఉంది. వైఫ్ అంటే పాత ఇంగ్లీషులో స్త్రీ, అంతే. ఎవరి భార్యా కానక్కర్లేదు. మంత్రసానిని మిడ్‌వైఫ్ అంటారే, అందులో ఆ పాత అర్థమే మిగిలింది, స్త్రీకి తోడుగా ఉండేది అని. హస్బెండ్ అంటే ఇంటి యజమాని. అందులోంచే సేద్యానికి హస్బెండ్రీ అన్న మాట వచ్చింది. పశుసంవర్ధక శాఖ బోర్డు మీద ఇంగ్లీషులో ఆ మాటే ఉంటుంది. ఇంట్లో గేదెకు గడ్డి వేసేదీ, పేడ ఎత్తేదీ ఎవరో మీకు నేను చెప్పాలా?

ఇక అసలు మాట కోపార్సినర్. పార్సినర్ అంటే వాటాదారు, భాగం పంచుకునే మనిషి. పాత ఫ్రెంచి నుంచి ఇంగ్లీషు న్యాయంలోకి వచ్చింది. అయితే అక్కడ ఎవరిని అలా పిలిచేవారు? ఇంగ్లండులో భూమి పెద్దకొడుకుకే పోయేది. కొడుకుల్లేకుండా కూతుళ్ళే ఉంటే, ఆ కూతుళ్ళంతా కలిసి వారసులయ్యేవారు. వాళ్ళు కోపార్సినర్లు. 15వ శతాబ్దపు న్యాయమూర్తి లిటిల్టన్ భూమిహక్కుల మీద రాసిన పుస్తకంలో పార్సినర్లంటే మొదట చెప్పింది కూతుళ్ళ గురించే. కెంట్ వంటి చోట్ల ఆచారం ప్రకారం కొడుకులూ అలా పంచుకునేవారు, కానీ అది మినహాయింపు. ఇంగ్లీషువాళ్ళు ఆడపిల్లలకు ఏదో ఒరగబెట్టారని కాదు నేననేది. కొడుకు ఉంటే అక్కడా కూతురికి భూమి లేదు. మాట మాత్రం కూతుళ్ళది.

మన దగ్గర కోల్‌బ్రూక్ 1810లో మితాక్షర దాయభాగాన్ని ఇంగ్లీషు చేశాడు. ఆ తర్వాత తెల్ల న్యాయమూర్తులు మన ఉమ్మడి కుటుంబాన్ని తమ మాటల్లో వర్ణించుకుంటూ తండ్రి, కొడుకులు, మనవలకు కోపార్సినర్లని పేరు పెట్టారు. కూతుళ్ళ మాట ఇక్కడికొచ్చి కూతుళ్ళను బయటపెట్టే మాటయింది! ఈ నూజివీడు జమీందారీ తగాదానే తీసుకోండి. అన్నదమ్ములు పంచుకోదగిందా, ఒక్కడికే చెందాలా అని లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్ళింది. పంచుకోదగిందేనని 19వ శతాబ్దం చివరి పాదంలో తీర్పొచ్చింది. ఆ వాటాల లెక్కలోకి కూతురు రాదు.

1956 వారసత్వ చట్టం వచ్చాకా కోపార్సినర్ మగవాడే. దీనివల్ల ఎంత పోయిందో లెక్క చూడండి. పిత్రార్జితం 12 ఎకరాల మామిడితోట. తండ్రి, తల్లి, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. తండ్రి వీలునామా రాయకుండా పోయాడు. పాత లెక్కలో తండ్రికీ కొడుకులకూ తలా 4 ఎకరాలు. తండ్రి 4 ఎకరాలను మాత్రమే నలుగురూ పంచుకుంటారు. కొడుకులకు 5 చొప్పున వస్తే తల్లికి ఒకటి, కూతురికి ఒకటి. కూతురు కూడా కోపార్సినర్ అయితే ఆమెకూ, కొడుకులకూ తలా 3 ఎకరాల 75 సెంట్లు. తల్లికి మాత్రం 75 సెంట్లే. అంటే ఆమె వాటా ఇంకా తగ్గింది. దీని గురించి మనం మాట్లాడుకోవడం తక్కువ.

ఆంధ్రప్రదేశ్ ఈ మార్పును దేశంకన్నా ముందే తెచ్చింది. 1985 సెప్టెంబరు 5 నుంచి కూతురికి పుట్టుకతో హక్కన్నారు. కానీ అప్పటికే పెళ్ళయినవాళ్ళకు లేదన్నారు. పెళ్ళయితే పుట్టుక మారిపోతుందా? 2005 సెప్టెంబరు 9 నుంచి అమల్లోకొచ్చిన కేంద్ర సవరణలో ఆ తేడా లేదు. ఆనాటికి తండ్రి బతికుండనక్కర్లేదని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఎప్పుడో నోటిమాటగా పంచుకున్నామంటే మామూలుగా చెల్లదని కూడా చెప్పింది. తండ్రి స్వార్జితం సంగతి వేరు. దాన్ని ఆయన ఎవరికైనా వీలునామా రాయవచ్చు.

తెలుగులో దాయాది అంటే దాయం తీసుకునేవాడు, వాటాదారు. మన వాడుకలో ఆ మాట మగవాళ్ళకే. ఆడపిల్లకు దాయం అనరు, పసుపు కుంకుమ అంటారు. వాటా అంటే అడిగి తీసుకునేది. పసుపు కుంకుమ అంటే పెట్టింది పుచ్చుకునేది. "పెళ్ళిలో పసుపు కుంకుమ కింద ముట్టినందున నాకిక ఏ హక్కూ లేదు" అన్న ధోరణిలో ఒక వాక్యం విడుదల దస్తావేజులో కనబడితే అక్కడ ఆగి, సంతకం చేయబోయే అమ్మాయికి పై 12 ఎకరాల లెక్క వేసి చూపించండి. ఇవ్వదలుచుకుంటే ఆమె ఇష్టం, కానీ ఎన్ని సెంట్లు ఇస్తున్నదో తెలిసి ఇవ్వాలి.

మీ దగ్గరకు ఇలాంటి తగాదా వస్తే ముందు రిజిస్ట్రారాఫీసులో ఈసీ తీయించండి. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరయిన పంపకం ఉంటే 2005 సవరణ దాన్ని కదిలించదు. తెల్లకాగితం మీద రాసుకున్న పాత పంపకాన్ని చూపిస్తే మాత్రం భయపడి వెనక్కి రావద్దు, ఆ కాగితం నకలు తీసుకుని వకీలును కలవండి.