పెండ్లి ఫొటోలు - కోర్టు కాగితాలు

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రత్యేక సంచికలో వేసుకోవడానికి పనికివచ్చే విషయమేదైనా మాట్లాడమని కార్యదర్శి గారు నన్ను కోరినారు. డి.ఏ. బకాయిల గురించి, హెల్తు కార్డుల గురించి నాకంటె బాగా చెప్పగలవారు ఈ హాలులోనే పదిమంది ఉన్నారు. నేను 1963లో కోర్టు గుమాస్తాగా చేరి, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల కోర్టులలో కాగితాలు మోసి 1999లో రిటైరైన వాణ్ణి. నాకు తెలిసింది తగాదాలే. అందులోనూ భాగపంపిణీలు, గట్టు తగాదాలు మీరందరూ చూసినవే కాబట్టి, ఈరోజు పెండ్లి ఫొటోల తగాదాల గురించి మనవి చేస్తాను. నవ్వకండి. మనుమరాండ్ల పెండ్లిండ్లు చేసే వయసులో ఉన్నాము మనము. ఆనాడు మనం పెండ్లికి బియ్యానికి పెట్టినంత ఖర్చు ఈనాడు ఒక్క ఫొటోలకే పెడుతున్నారు.

ముందు నా ఇంటి కథ చెప్తాను. 1991లో మా పెద్దమ్మాయి పెండ్లి పులివెందులలో చేసినాము. మా సొంతూరు ఆ పక్క పల్లెనే. నేను అప్పుడు ప్రొద్దుటూరులో కాపురం. అక్కడి ఫొటోగ్రాఫరునే ఒకాయనను మాట్లాడినాను. పేరు చెప్పను. మంచి పనివాడని పేరు. అయిదు వందలు అడ్వాన్సు చేతికిచ్చినాను. రసీదు అడగలేదు. ఇరవై ఎనిమిదేండ్లుగా పక్కవాళ్ళ రసీదుల మీద ఎగ్జిబిట్టు నంబర్లు వేస్తూ వచ్చిన నేను, నా అయిదు వందలకు ఒక చీటీ ముక్క రాయించుకోలేదు!

తెల్లవారుజామున ముహూర్తం. జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ, తలంబ్రాలు అన్నీ అయినాయి. మా అమ్మకు అప్పటికి ఎనభై దాటినాయి. నడవలేదు. ఆమెను కుర్చీతో సహా ఎత్తి పందిట్లోకి తెచ్చినాము. మనుమరాలి తల మీద జేజి అక్షింతలు వేసింది. ఫొటోగ్రాఫరు మోకాళ్ళ మీద కూర్చొని మరీ ఆ బొమ్మ తీసినాడు. నేను కండ్లారా చూసినాను.

తరువాత ఆల్బం రాలేదు. అడిగితే "ల్యాబులో ఉంది సార్" అన్నాడు. నెల దాటింది, రెండో నెల దాటింది, ల్యాబు మాత్రం మారలేదు. మూడో నెలలో మా అమ్మ పోయింది. దినాలు కాంగానే అతను ఇంటికొచ్చి గడప బయటనే నిలబడి, "సార్, మూడో రోలు తిరగలేదు సార్. కడిగిన రోజే తెలిసింది. మొగం చూపలేక అబద్ధం చెప్పినా" అన్నాడు.

రోలు తిరగకపోవడమంటే ఏమిటో ఈ కాలం పిల్లలకు తెలియదు గనుక ఒక్క మాట చెప్పాలి. ఆ కెమెరాలలో ముప్పై ఆరు బొమ్మల ఫిల్ము వేసేటప్పుడు దాని కొసను అవతలి కండెకు తగిలించాలి. సరిగ్గా తగలకపోతే మీట లాగుతూనే ఉంటాం, టిక్కు టిక్కుమంటూనే ఉంటుంది, లెక్క చూపే అంకె కూడా పెరుగుతూనే ఉంటుంది. ఫిల్ము మాత్రం కదలదు. ఎడమ పక్కనుండే చిన్న గుండీ తిరుగుతోందా లేదా అని ఒక్కసారి చూసుకుంటే తెలిసిపోతుంది. ముహూర్తం తొందరలో అతను చూసుకోలేదు. మాంగల్యధారణ, తలంబ్రాలు, మా అమ్మ, అన్నీ ఆ రోలులోనే.

నేను మండిపోయినాను. తెలిసిన వకీలు గారి దగ్గరికి పోయి నోటీసు ఇయ్యమన్నాను. ఆయన నాలుగు ప్రశ్నలు వేసినాడు. రసీదు ఉందా? లేదు. ఎన్ని బొమ్మలు, ఎప్పటికి ఇస్తానన్నాడో రాతలో ఉందా? లేదు. సాక్షులున్నారా? పెండ్లికొచ్చిన అయిదు వందల మందీ సాక్షులే అన్నాను. కడపటి ప్రశ్న, "నష్టం ఎంతని రాద్దాం?" దానికి నా దగ్గర జవాబు లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 73వ సెక్షను ప్రకారం, మాట తప్పినందువల్ల సహజంగా కలిగే నష్టమే ఇప్పిస్తారు, దూరపు నష్టాలు ఇప్పించరు. ఫిల్ము వెల, కడుగుడు కూలి కలిపితే మూడంకెల మొత్తం. మా అమ్మ చేతిలోని అక్షింతలకు ఏ కాలములో ఏ అంకె రాయాలి?

1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం అప్పటికే వచ్చి ఉంది. దాని కింద వేద్దామా అంటే, మనోవేదనకు ఎంతవరకు ఇస్తారో చూడాలి అన్నాడాయన. ఆయన సందేహం ఆనాటికి సబబే. 1993లో లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు, మనిషి పడిన వేధింపుకు, మనస్తాపానికి కూడా పరిహారం ఇప్పించవచ్చునని స్పష్టంగా చెప్పింది. నా పని దానికి రెండేండ్ల ముందు.

మనోవేదనకు లెక్క కట్టడం మన దేశంలోనే వచ్చిన చిక్కు కాదు. స్కాట్లండులో పెండ్లికి ఒప్పుకొని రాకుండా పోయిన ఫొటోగ్రాఫరు మీద పెండ్లికూతురు దావా వేస్తే, ఆమె పడిన బాధకు 30 పౌన్లు ఇప్పించినారు. అది 1971 నాటి తీర్పు. ఇంగ్లండులో 1981లో మరొకటి. స్నేహితుని పెండ్లిలో తీసిన ఫిల్మును కడగనిస్తే చాలావరకు పోగొట్టినారు. ఏమి జరిగినా కొత్త ఫిల్ము మాత్రమే ఇస్తామని షరతు ముందే పెట్టుకున్నారు. ఆ షరతు న్యాయం కాదని కోర్టు కొట్టివేసి 75 పౌన్లు ఇప్పించింది. మొత్తాలు చిన్నవే. కానీ పోయింది ఫిల్ము డబ్బా కాదని ఆ జడ్జీలు గుర్తించినారు.

ఇక నా సంగతి. నోటీసు ఇయ్యలేదు. అతను అడ్వాన్సు తెచ్చి ఇచ్చినాడు, తీసుకున్నాను. బాగా వచ్చిన మూడు రోళ్ళ బొమ్మలు కూడా ఊరికే ఇచ్చినాడు, అవీ తీసుకున్నాను. అంతటితో ఊరుకోలేదు. కోర్టు వరండాలో, టీ అంగట్లో, బంగారంగళ్ళ వీధిలో తెలిసినవారు కనిపించినప్పుడల్లా అతని పేరు పెట్టి చెప్పినాను. ప్రొద్దుటూరులో పెండ్లంటే ముందు బంగారంగడికే పోతారు, కనుక అక్కడ అన్న మాట పెండ్లివారందరికీ చేరుతుంది. ఆ మాఘమాసంలో అతనికి మాట్లాడుకున్న మూడు పెండ్లిండ్లు తప్పిపోయినాయని తరువాత విన్నాను. మరో రెండేండ్లకు అంగడి ఎత్తేసి ఊరు విడిచిపోయినాడు. కోర్టుకు పోయి ఉంటే అతను చెప్పుకోవడానికి ఒక వాయిదా దొరికేది. నేరం ఒప్పుకున్నాడనీ, డబ్బు తిరిగిచ్చినాడనీ రికార్డులో ఉండేది. నా బజారు కోర్టులో అతనికి వాయిదా లేదు, అప్పీలు లేదు. ముప్పై ఏండ్లుగా నన్ను బాధించే సంగతి ఇదే, అందుకే ఈ విషయం ఎంచుకున్నాను.

ఫొటోగ్రాఫర్ల వైపు గోడు కూడా తక్కువది కాదు. ఒకాయన ఆల్బం చంకన పెట్టుకొని జమ్మలమడుగు కోర్టుకు వచ్చినాడు. బాకీ సగానికి పైగా రావాలి. పెండ్లి అయిన ఏడాదికే ఆ పిల్ల పుట్టింటికి వచ్చేసిందట. ఆల్బం ఎవరికి కావాలని వాళ్ళ వాదన. ఎప్పటి పని అని అడిగితే నాలుగేండ్లయిందన్నాడు. చేసిన పనికి కూలి రాబట్టుకోవాలంటే 1963 లిమిటేషన్ చట్టం ప్రకారం మూడేండ్ల లోపల దావా వేయాలి. ఆ మాట చెప్తే ఆల్బం తెరచి నాకు చూపించినాడు. చక్కగా తీసినాడు పాపం. మళ్ళీ చంకన పెట్టుకొని పోయినాడు.

ఇంకో రకం తగాదా అద్దాల బీరువాది. పెండ్లికూతురి బొమ్మ పెద్దది చేయించి అంగడి ముందర పెట్టేవారు. అత్తగారి తరఫువారు చూసి ఇంటి మీదికి గొడవకు వచ్చేవారు. ఆ బొమ్మ ఎవరిది? 1957 కాపీరైటు చట్టం 17వ సెక్షను ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటో మీద, వేరే ఒప్పందం లేకుంటే, కాపీరైటు తీయించుకున్నవారిదే. మన ఊళ్ళలో దీనికి సరిగ్గా తలకిందులుగా అనుకుంటారు. నెగెటివు తన దగ్గర ఉంది గనుక బొమ్మ తనదేనని ఫొటోగ్రాఫరు అనుకుంటాడు, మనమూ ఒప్పుకుంటాము. నెగెటివు ఎవరి దగ్గర ఉండాలనేది మాటను బట్టి, వాడుకను బట్టి. బొమ్మను పదిమందికి చూపే హక్కు వేరు. ఇప్పుడు అద్దాల బీరువా పోయి ఫోనులో ఇన్‌స్టాగ్రాం వచ్చింది. చట్టం మాత్రం అదే.

ఇప్పటి వ్యవహారం కూడా చెప్పి ముగిస్తాను. 2019లో చేసిన కొత్త వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై 20 నుంచి అమలులోకి వచ్చింది. పాత జిల్లా ఫోరాన్ని ఇప్పుడు జిల్లా కమిషన్ అంటున్నారు. చెల్లించిన మొత్తం 50 లక్షల లోపుంటే అక్కడే వేసుకోవచ్చు. 5 లక్షల వరకు ఫీజు లేదు. తగాదా పుట్టిన రెండేండ్లలోపు వేయాలి. ఫిర్యాదు చేసేవారు తాము కాపురమున్న చోటనే వేసుకోవచ్చు. మన పిల్లలు బెంగుళూరులోనో హైదరాబాదులోనో ఉంటారు కాబట్టి ఇది పెద్ద వెసులుబాటు. 1915 నంబరుకు ఫోను చేసి ముందుగా సలహా కూడా అడగవచ్చు. ఇంకొక సంగతి మీరు గట్టిగా గుర్తు పెట్టుకోవాలి. చేసిన పనికి బిల్లు ఇయ్యకపోవడమే ఈ చట్టంలో అనుచిత వ్యాపార పద్ధతి. రసీదు అడిగితే ఎదుటి మనిషిని నమ్మనట్లు అని మనలో ఒక మొహమాటం ఉంది. పెండ్లి అయినాక కాగితం పట్టుకు తిరిగితే అశుభమని ఇంకొక భయం. ఈ రెండింటి వల్లనే ఇట్లాంటివి నూటికి తొంభై కోర్టు గడప తొక్కకుండా, వీధి గడపలన్నీ తొక్కుతాయి.

నిరుడు మా మనుమరాలి పెండ్లి ప్రొద్దుటూరులో జరిగింది. ఫిల్ము రోళ్ళు లేవు, చిన్న గోరంత కార్డులు. అవి చెడిపోతే మూడో రోలు కథే మళ్ళీ. ఫొటో తీసే పిల్లవాణ్ణి కూర్చోబెట్టి అడిగినాను. తన కెమెరాలో ఒకేసారి రెండు కార్డుల మీదికి ఎక్కుతుందనీ, ఆ రాత్రికే వేరే డిస్కులోకి కూడా ఎక్కిస్తాననీ చెప్పినాడు. అదే రాయమన్నాను. ఎన్ని బొమ్మలు, ఆల్బం ఏ తేదీకి, బొమ్మలు పోతే ఏమి చేయాలి, మా మాట లేకుండా ఫోనులో పెట్టకూడదు, అన్నీ ఒక పేజీలో రాసి సంతకం చేసినాడు. చేసి, కాగితం నా వైపు తిప్పి, "తాతా, ఆల్బం ఇచ్చిన రోజే బాకీ ఇస్తామని మీరూ ఒక ముక్క రాయండి. మా నాయనకు రావాల్సినవి చానా మునిగిపోయినాయి" అన్నాడు.

రాసి సంతకం పెట్టినాను. ఆల్బం చెప్పిన తేదీకి నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చింది. బాకీ అదే రోజు ఇచ్చినాము. రసీదు మా బీరువాలో ఉంది.