కానుక ఇచ్చే చేతికి లెక్క అడిగే హక్కు

(అమలాపురంలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగం)



ఈ పూట నన్ను 'స్త్రీలు - మతం' అనే విషయం మీద మాట్లాడమన్నారు. అది చాలా పెద్ద విషయం. అందులో ఒక చిన్న భాగమే నేను తీసుకుంటాను. అది డబ్బు. మన కోనసీమ క్రైస్తవ సంఘాల్లో ఆదివారం ఆదివారం చందా సంచిలో పడే డబ్బు. అది ఎవరి చేతుల్లోంచి వస్తోంది? ఎవరి చేతుల్లోకి పోతోంది? దారిలో లెక్క ఎక్కడ ఆగిపోతోంది?

ముందే ఒక మాట చెప్పాలి. దేవుడున్నాడా లేడా అన్న చర్చ నేను చేయడం లేదు. నేను మందిరంలో పెరిగినదాన్ని. మన పేటల ఆడపిల్లలకు అక్షరం, ఆస్పత్రి, నర్సు ఉద్యోగం, టీచరు ఉద్యోగం చాలావరకు ఆ దారినే వచ్చాయి. దాన్ని కాదంటే కృతఘ్నత అవుతుంది. కాబట్టి ఈ ప్రశ్న బయట నిలబడి అడగడం లేదు, లోపల చాప మీద కూర్చుని అడుగుతున్నాను.

మన ప్రాంతంలో సంఘాలు విదేశీ డబ్బుతోనే నిలబడ్డాయని బయటివాళ్ళే కాదు, మనవాళ్ళూ అనుకుంటారు. బళ్ళకీ ఆస్పత్రులకీ ఆ డబ్బు వచ్చిన మాట నిజమే. కాని పేటలో తాటాకు పాకగా మొదలైన మందిరంలో వారం వారం దీపానికి నూనె పోసిందీ, పాస్టరు గారి కుటుంబానికి ఇంత కూడు పెట్టిందీ ఆ పేట ఆడవాళ్ళే. ఎసట్లో పోసే ముందు బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేసి ఆదివారం తెచ్చేవారు. పిడికెడు బియ్యం కానుక అంటే అదే. ఇలాంటి పద్ధతే మిజోరంలో 1910లో మొదలైంది. ఇప్పుడు అక్కడి ప్రెస్బిటేరియన్ సంఘానికి దానిమీద ఏటా కోట్ల రూపాయలు వస్తున్నాయి. కూలి డబ్బు మగవాడి చేతిలో ఉండే ఇంట్లో ఆడమనిషి ఎవర్నీ అడక్కుండా ఇవ్వగలిగింది ఆ పిడికెడే. అది ఇంట్లో మిగిలిన బియ్యం కాదు. ఆఖరున తినే మనిషి కంచంలో తగ్గిన బియ్యం. ఆఖరున తినేది ఎవరో మీకు నేను చెప్పనక్కరలేదు.

కోతకాలపు పండుగ చూడండి. కోడిపుంజు, గుడ్లు, గుమ్మడికాయ, అరటిగెల, కొబ్బరికాయలు మందిరం ముందు పెట్టి వేలం పాడతారు. కోడిని పెంచింది, పాదుకు నీళ్ళు పోసింది ఇంటావిడ. మైకులో వినిపించేది పాట పాడుకున్నాయన పేరు. తరవాత గదిలో కూర్చుని డబ్బు లెక్కపెట్టేది సంఘ పెద్దలు. ఆ గదిలో మన మనిషి ఒక్కతీ ఉండదు. ఆ సమయానికి మనం వంట దగ్గర ఉంటాం.

ఇది పాత పద్ధతి. ఇందులో అన్యాయం ఉంది గాని, ఇచ్చిందేదో ఊళ్ళోనే కళ్ళెదుట ఉండేది. టీవీలు ఇంటింటికీ వచ్చాక దీనిమీద ఇంకో పద్ధతి వచ్చి కూర్చుంది. కానుకని 'విత్తనం' అంటున్నారు. వెయ్యి రూపాయలు విత్తితే నూరంతలు కోస్తారంటున్నారు. ప్రార్థన చేసిన నూనె సీసా, చేతిరుమాలు, వాగ్దానం కార్డు, క్యాలెండరు... ఒక్కోదానికి ఒక్కో మొత్తం. ఈ బోధ మన పొలాల్లో పుట్టింది కాదు. అమెరికాలో ఓరల్ రాబర్ట్స్ అనే ప్రసంగీకుడు దీనికి బాగా ప్రచారం తెచ్చారు. 80 లక్షల డాలర్లు పోగు కాకపోతే దేవుడు తనను తీసుకుపోతాడని 1987లో ఆయన బహిరంగంగా చెప్పి డబ్బు అడిగారు.

వరి ఊడ్చే చేతులు మనవి. విత్తనం ఒక్కటే పంట కాదని మనకి తెలుసు. కాలవకి నీరు రావాలి, కలుపు తీయాలి, గాలివాన రాకుండా ఉండాలి. 1996 నవంబరు 6 తుపానులో కోనసీమ కొబ్బరి చెట్లు వరసకి వరస పడిపోయాయి. విశ్వాసం తక్కువైనవాళ్ళ చెట్లే పడ్డాయా? ఈ విత్తనం బోధలో ఒక కిటుకు ఉంది. పంట వస్తే ఆ గొప్ప బోధకుడిది. రాకపోతే తప్పు ఇచ్చినామె విశ్వాసానిది. అప్పుడామె ఇంకొంచెం ఎక్కువ ఇస్తుంది.

ఇది ఎక్కువగా ఆడవాళ్ళ చుట్టూనే ఎందుకు తిరుగుతోంది? మనం అమాయకులం కాబట్టి అనే జవాబు నేను ఒప్పుకోను. భర్త తాగుడు, కూతురి కట్నం, పిల్లలు పుట్టలేదన్న మాట, కొడుకు నిరుద్యోగం, ఇంట్లో ఎవరికి జబ్బు చేసినా చాకిరీ, ఇవన్నీ ఆడమనిషి నెత్తిన పెట్టిన సమాజం ఇది. చెప్పుకోవడానికి ఆమెకి మందిరం తప్ప చోటు లేదు. బాధ ఎక్కడుంటే బజారు అక్కడికి వస్తుంది. గ్రూపులో అప్పు తీసుకుని స్వస్థత సభలో కానుక వేసి, కిస్తీలు కట్టలేక మళ్ళీ వడ్డీకి తెచ్చినవాళ్ళను నేను చూశాను. కొన్ని జబ్బులు మహిమతో నయమవుతాయని ప్రకటనలు చేయడాన్ని 1954 నుంచే ఒక కేంద్ర చట్టం నిషేధిస్తోంది. ఆ మాట మన పేటలకి ఇంకా చేరలేదు.

రాజోలు వైపు నేను కలిసిన ఒకామె సంగతి చెబుతాను. కువైట్‌లో ఇంటిపని చేసి వచ్చింది. మన దగ్గర్నుంచి కువైట్, కతర్, ఒమన్ వెళ్ళిన ఆడవాళ్ళు ఎంతమందో మీకు తెలుసు. సెలవు లేని పని, పాస్‌పోర్టు యజమాని దగ్గర. అలాంటి చోటునుంచి ఆమె మందిరం శ్లాబు కోసం ఆరేళ్ళు డబ్బు పంపింది. తిరిగి వచ్చి చూసుకుంటే శిలాఫలకం మీద ఆమె భర్త పేరుంది. స్థలం కాగితాలు అడిగితే అవి సంఘం పేరున లేవు, పాస్టరు గారి సొంత పేరున ఉన్నాయి. రేపు అది ఆయన పిల్లలకి ఆస్తి అవుతుంది. "దేవుడికిచ్చాను గదా, అడిగితే పాపమేమో" అంది ఆమె నాతో.

పాపమా? గ్రంథమే చూద్దాం. బీద విధవరాలు రెండు కాసులు వేసిన కథ ప్రతి కానుకల వేళా చెబుతారు. ఆమె ఉన్నదంతా వేసిందని యేసు అన్న మాట నిజం. కాని మార్కు సువార్తలో దానికి సరిగ్గా ముందు ఏముంది? పొడుగు ప్రార్థనలు చేస్తూ విధవరాండ్ర ఇళ్ళు కాజేసే మతపెద్దల మీద కోపం ఉంది. ఆ రెండూ కలిపి చదివితే అది విధవరాలిని పిండుకోమని చెప్పే కథ కాదు. దశమభాగం సంగతీ అంతే. మలాకీని చదువుతారు, ద్వితీయోపదేశకాండం 14వ అధ్యాయం చదవరు. మూడేళ్ళకోసారి ఆ భాగాన్ని లేవీయులతోపాటు పరదేశికి, తండ్రిలేని బిడ్డకి, విధవరాలికి పెట్టాలని అక్కడుంది. విధవరాలు పుచ్చుకోవలసిన మనిషి. మనం ఆమెని ఇచ్చే మనిషిని చేశాం. ఇక పౌలు యెరూషలేము పేదలకు చందా పోగుచేసినప్పుడు, ఎవరూ వేలెత్తి చూపకుండా ఉండాలని సంఘాలు ఎంచిన మనుషుల్ని తోడు పెట్టుకున్నాడు. ఆయన పట్ల లేని అనుమానం మన కోశాధికారుల పట్ల మనకెందుకు అంటారా? అనుమానం ఉన్నా లేకపోయినా లెక్క చూపడం ఒక పద్ధతి అని ఆయనే నేర్పాడు.

మన గోదావరి ప్రాంతానికి సంబంధించిన ఇంకో ఉదాహరణ ఉంది. సఖినేటిపల్లి రేవు దాటితే నర్సాపురం. అక్కడ గోదావరి డెల్టా మిషన్‌కి పునాది వేసిన బౌడెన్, బీర్ దంపతులు ఇంగ్లండు నుంచి 1836లో ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ వెంట వచ్చారు. గ్రోవ్స్ చెల్లెలి భర్త జార్జి ముల్లర్ బ్రిస్టల్‌లో అనాథ శరణాలయాలు నడిపాడు. ఫలానా మొత్తం ఇవ్వమని ఎవర్నీ అడగకూడదని ఆయన నియమం. వచ్చిన ప్రతి కానుకకీ రసీదు ఇచ్చేవాడు. దాతల పేర్లు అచ్చు వేసేవాడు కాదు, నంబర్లు వేసేవాడు. వార్షిక నివేదిక తెరిచి తన నంబరు ఎదుట తానిచ్చిన మొత్తం ఉందో లేదో దాత చూసుకోవచ్చు. నూటయాభై ఏళ్ళకి పైబడిన సంగతి ఇది. మన ప్రాంతపు విశ్వాసానికి వేరు అక్కడే ఉంటే, ఆ రసీదు పుస్తకం మాత్రం నది దాటి ఎందుకు రాలేదు?

ఆ నంబరు సంగతి నేను ఊరికే చెప్పలేదు. మన సమస్య ముడి అక్కడే ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే ఇచ్చింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు. క్రైస్తవులకు ఇవ్వలేదు. బాప్తిస్మం పొందిన దళితులకు మన రాష్ట్రంలో బి.సి.-సి కింద ఒక్క శాతం రిజర్వేషను మాత్రమే ఉంది. అందువల్ల చాలామంది తల్లులు మందిరానికి వస్తారు, కానుక వేస్తారు, పుస్తకంలో పేరు మాత్రం రాయించరు. లెక్క అడగాలంటే సభ్యురాలై ఉండాలి. సభ్యురాలు కావాలంటే పేరుండాలి. పేరుంటే పిల్లవాడి సర్టిఫికెట్టుకి ప్రమాదం. ఇచ్చేటప్పుడు ఆమె విశ్వాసి, అడిగేటప్పుడు ఆమె ఎవరూ కాదు. కులం పెట్టిన ఈ మెలికను సంఘంలో కొందరు మగపెద్దలు తమకి అనుకూలంగా వాడుకుంటున్నారు.

చట్టంలో దారులు లేకపోలేదు. సంఘం సొసైటీగా రిజిస్టరై ఉంటే 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల చట్టం ప్రకారం లెక్కలు రాయాలి, సర్వసభ్య సమావేశం పెట్టాలి. తగాదా వస్తే సభ్యులు జిల్లా కోర్టుకి వెళ్ళవచ్చు. పబ్లిక్ ట్రస్టు అయితే సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షను ఉంది. ఆ ట్రస్టుతో సంబంధం ఉన్న ఇద్దరు మనుషులు కోర్టు అనుమతి తీసుకుని లెక్కలు చూపించమని దావా వేయవచ్చు. ఇద్దరు చాలు. కాని చిన్న చిన్న మందిరాలు చాలావాటికి ఏ రిజిస్ట్రేషనూ ఉండదు. అంతర్వేదిలో హుండీ తెరిస్తే అధికారుల ఎదుట లెక్కపెడతారు, మొత్తం ఎంతో పేపర్లో వస్తుంది. చర్చిలకి అలాంటి చట్టం లేదు. కేరళలో జస్టిస్ కృష్ణయ్యర్ కమిషన్ 2009లో ఒక ముసాయిదా ఇచ్చింది. 2019లో ఇంకొకటి వచ్చింది. సంఘాల వ్యతిరేకత వల్ల అవి చట్టాలు కాలేదు. ప్రభుత్వం వచ్చి మందిరం నడపాలని నేనూ కోరను. మన లెక్క మనమే రాసుకుంటే ఆ అవసరమే రాదు.

'ఈ రోజుల్లో ఈ మాటలా?' అని కొందరు మిత్రులు అడుగుతున్నారు. 1999లో స్టెయిన్స్‌నీ ఇద్దరు పసిబిడ్డల్నీ తగలబెట్టారు. 2008లో కందమాల్ కాలిపోయింది. ఇప్పుడు డబ్బు సంగతి ఎత్తితే మతోన్మాదుల చేతికి కర్ర ఇచ్చినట్టే అంటారు. ఈ భయం నాకూ ఉంది. అది ఉత్త సాకు కాదు. కాని ఆలోచించండి. నిందకి దొరికేది లెక్క ఉన్న మందిరమా, లెక్క లేని మందిరమా? దక్షిణ కొరియాలో ప్రపంచంలోనే అతి పెద్ద సంఘాల్లో ఒకదాన్ని కట్టిన డేవిడ్ యాంగీ చో మీద 2014లో నేరం రుజువైంది. తన కొడుకు షేర్లను ఎక్కువ ధరకి సంఘం చేత కొనిపించినందుకు. ఫిర్యాదు చేసింది బయటి శత్రువులు కాదు, సంఘం పెద్దలే. ఇంటి లెక్క ఇంట్లోవాళ్ళు అడిగితే అది దిద్దుబాటు. మనం అడగకపోతే ఇతరులు అడుగుతారు, వాళ్ళ ఉద్దేశాలు వేరే ఉంటాయి.

ఇక పని సంగతి. లెక్కలు ఆడవాళ్ళకి రావనే మాట ఇప్పుడు చెల్లదు. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా మీద లేచాక నెల్లూరులో పొదుపులక్ష్మి వచ్చింది, ఆపైన ఊరూరా డ్వాక్రా గ్రూపులు వచ్చాయి. మన గ్రూపులో పది రూపాయలు తేడా వస్తే తీర్మానాల పుస్తకం తీసి తేలేదాకా ఇంటికి పోం. అదే మనుషులు ఆదివారం మందిరంలో కళ్ళు దించుకుంటారు. సి.ఎస్.ఐ. 1947లో ఏర్పడితే మొదటి మహిళా బిషప్పుగా పుష్పలలిత గారు నంద్యాలకి వచ్చేసరికి 2013 అయింది. కానుకల బల్ల దగ్గరికి వెళ్ళడానికి మనం అన్నేళ్ళు ఆగనక్కరలేదు.

స్త్రీల సమాజాలతో కలిసి అయిదు సంగతులు అడుగుదాం. కానుకలు లెక్కపెట్టే చోట ఇద్దరు స్త్రీలు ఉండాలి. ప్రతి కానుకకీ పేరు లేకుండా నంబరు వేసిన రసీదు ఇవ్వాలి. అప్పుడు సర్టిఫికెట్టుకి భయం లేదు, లెక్కకి లోటు లేదు. నెలకోసారి జమాఖర్చులు ఆరాధనలో గట్టిగా చదవాలి, అప్పుడు చదువురానివాళ్ళకీ తెలుస్తుంది. స్థలం, కట్టడం మనిషి పేరున కాక సంఘం పేరున ఉండాలి. చందా బాకీ ఉందని పెళ్ళీ సమాధీ ఆపకూడదు, వచ్చినదానిలో ఒక భాగం మొదట ఆ పేట ఒంటరి స్త్రీలకు చేరాలి.

వీటిలో ఏ ఒక్కటీ విశ్వాసానికి అడ్డం కాదు. వచ్చే మూడు నెలల్లో అమలాపురం, రాజోలు, కొత్తపేటల్లో ఒక్కో మందిరంలోనైనా మొదటి రెండు పనులు మొదలవ్వాలి. ఈ సాయంత్రం విడిపోయే ముందు ఎవరు ఏ పేటకి వెళ్ళేదీ పేర్లు రాసుకుందాం. ముందు రసీదు పుస్తకాలు అచ్చు వేయించాలి, దానికి చందా ఇక్కడే పోగుచేద్దాం. దాని లెక్క రేపు ఉదయం మీ అందరి ముందూ చదువుతాం.