నక్షత్రాలకు పంపదగిన పాట

భూమి మీద నివసించే మానవులందరి పక్షమున, మన ఉనికినే ఎరుగని మరొక లోకపు జీవులకు ఒకే ఒక్క పాటను పంపవలసి వస్తే ఏ పాటను పంపుతాము? ఇది కాలక్షేపమునకు వేసుకొనే ప్రశ్నవలె కనబడవచ్చును. కాని 1977లో కొందరు పెద్దలు దీనికి నిజముగానే, గడువు పెట్టుకొని, సమాధానము చెప్పవలసి వచ్చినది. అమెరికా అంతరిక్ష సంస్థ ఆ సంవత్సరము ఆగస్టు 20న వాయేజర్-2 నౌకను, సెప్టెంబరు 5న వాయేజర్-1 నౌకను పంపినది. పెద్ద గ్రహాలను చూచిన తరువాత ఆ నౌకలు తిరిగి వచ్చేవి కావు. సూర్యుని ఏలుబడి దాటి పోతూనే ఉంటాయి. ఎలాగూ పోయేవే కదా, వట్టి చేతులతో పంపనేల అని కార్ల్ సేగన్ అనే ఖగోళ శాస్త్రవేత్తయు, ఆయన మిత్రులును ఒక్కొక్క నౌకకు ఒక్కొక్క గ్రామఫోను రికార్డును తగిలించినారు.

అది రాగిరేకు. పైన బంగారు పూత. వ్యాసము పన్నెండంగుళాలు. దానిని ఎట్లు తిప్పవలెనో బొమ్మలు గీచినారు, ముల్లు కూడా వెంట పెట్టినారు. వంద పైచిలుకు చిత్రాలు, భూమి మీది గాలివానల చప్పుళ్ళు, తిమింగిలాల కూతలు, యాభైయైదు భాషలలో నమస్కారాలు, సుమారు తొంభై నిమిషాల సంగీతము అందులో ఉన్నవి. ఆ యాభైయైదు భాషలలో తెలుగు ఒకటి. తెలుగు మాట్లాడే జనుల పక్షమున ఒక శుభాకాంక్ష, చిన్న వాక్యము, ఈ క్షణమున సూర్యునికి 2,400 కోట్ల కిలోమీటర్లకు పైబడిన దూరములో ప్రయాణము చేస్తున్నది. మన మాట వెళ్ళినది గాని, మన పాట వెళ్ళలేదు. ఇరువదియేడు సంగీత ఖండాలలో దక్షిణ దేశమునకు చెందినది ఒక్కటియు లేదు.

భారతదేశమునకు దక్కినది ఒకే ఖండము. గోవాలోని కేరీ గ్రామమున 1892లో పుట్టి, అల్లాదియా ఖాను వద్ద శిక్షణ పొందిన కేసర్‌బాయి కేర్కర్ పాడిన భైరవి అది. నిడివి మూడున్నర నిమిషాలు. దానిని సూచించినవారు రాబర్టు బ్రౌను అనే అమెరికను సంగీత శాస్త్రవేత్త. మృదంగ వాదనము మీద పరిశోధన గ్రంథము వ్రాసిన మనిషి, అనగా దక్షిణాది సంగీతము తెలియనివారు కారు. అయినా ఆయన ఎన్నిక ఇదే అయినది. ఆ పాత రికార్డు అప్పటికే బజారులో దొరకుట లేదు. వెదకగా వెదకగా న్యూయార్కులో ఒక భారతీయ కుటుంబపు అంగడిలో, బల్ల క్రింది అట్టపెట్టెలో, దొరికినది. వాయేజర్-1 బయలుదేరిన పదకొండు రోజులకు, సెప్టెంబరు 16న, కేసర్‌బాయి కన్నుమూసినారు.

ఆ భైరవి పల్లవి ఒక ప్రశ్న. ఎక్కడికి పోతున్నావు అని అడుగుతుంది. ఇక్కడ మాకు గుత్తికిని తాడిపత్రికిని నడుమ ఉన్న మన యాడికి గుర్తుకు వస్తున్నది. సీమ మాటలో 'యాడికి' అంటే 'ఎక్కడికి' అనియే కదా. ఆ ఊరికి బస్సెక్కినవాడు కండక్టరుతో పడే అవస్థ ఈ ప్రాంతపు శ్రోతలకు చెప్పనక్కరలేదు. యాడికి పోవాలని కండక్టరు అడుగుతాడు. యాడికి అని ఇతడు చెబుతాడు. అదే నేనూ అడుగుతున్నానని కండక్టరు కసురుకొంటాడు. ఊరిపేరు పుట్టుకకు ఈ అర్థమే మూలమని మేము అనము. కాని నక్షత్రాల దారి పట్టిన ఏకైక హిందూస్థానీ పాట అడిగే ప్రశ్నను, ఒక ఊరు ఊరంతా తన పేరుగా పెట్టుకొని ఉండుట మాకు ముచ్చటగా తోచినది. అందుచేత ఈ పాటల ఎన్నికను యాడికి నుండి చేస్తే ఎట్లుండునో చూతము.

ఈ పని రేడియోవారికి కొత్త కాదని ఒక మాట. ఆకాశవాణి అనగా ఆకాశమునుండి వచ్చే వాక్కు. కాని మన వాక్కు ఆకాశమునకు పోతున్నదా? మధ్యమ తరంగాలు పోవు. పైన విద్యుత్కణాలతో నిండిన పొర ఒకటి ఉన్నది. రాత్రివేళ అది ఆ తరంగాలను అద్దమువలె వెనుకకు త్రిప్పి పంపుతుంది. అందుకే పొద్దు గూకిన తరువాత దూరపు స్టేషన్లు మన ఇండ్లలో పలుకుతాయి. ఎఫ్.ఎం. తరంగాలకు ఆ అడ్డు లేదు. అవి పొరను చీల్చుకొని పోతాయి, మరి ఆగవు. మేము ఏ ఉదయము ప్రసారము చేసిన పాటయో ఏ నక్షత్రము దాపునకో చేరే ఉంటుంది. అయితే దూరము రెట్టింపైతే బలము నాలుగవ వంతుకు పడిపోవుట తరంగ ధర్మము గనుక, ఆ పాటను విన్నవారు ఉంటారని గర్వపడుటకు వీలు లేదు. రేకు మీద చెక్కి పంపినదే నిలిచేది.

రేకు మీద పాటను చెక్కి ముఖపరిచయము లేనివారికి పంపుట అమెరికావారు కనిపెట్టినది కూడా కాదు. తాళ్ళపాక అన్నమాచార్యుని సంకీర్తనాలను ఆయన కుమారుల కాలమున రాగిరేకుల మీద చెక్కించి తిరుమల ఆలయములోని భాండారములో భద్రపరచినారు. రెండు వేలకు పైబడిన రేకులు, పండ్రెండు వేలకు పైబడిన పాటలు. నాలుగు వందల సంవత్సరాలు అవి మాట్లాడక కూర్చున్నవి. 20వ శతాబ్దిలో వెలికి వచ్చినప్పుడు చూడగా ప్రతి పాటకును రాగము పేరు ఉన్నది. పాడే విధానము మాత్రము లేదు. చెక్కించినవారికి అది అనవసరమని తోచి ఉండును. పాట అందరి నోట ఆడుతూనే ఉన్నది కదా, వరుస వేరుగా వ్రాయుట ఎందుకు? నోళ్ళు మారినవి, వరుసలు పోయినవి. అనంతపురం జిల్లా బిడ్డ, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు తిరుపతిలో కూర్చుండి, నూరుకు పైగా సంకీర్తనాలకు కొత్తగా స్వరము కట్టవలసి వచ్చినది. నేడు మనము చెవులారా వింటున్న అన్నమయ్య పాటలలో రేకు చెప్పినది సగము, ఇరువదవ శతాబ్దపు విద్వాంసుల ఊహ సగము.

వాయేజరు రేకుకు ఈ కష్టము లేదు. కంఠమే అందులో ఉన్నది. దాని కష్టము వేరు. అన్నమయ్య రేకు చేతికి వచ్చినప్పుడు చదివినవారికి తెలుగు వచ్చును, వేంకటేశ్వరుడెవరో తెలియును. వాయేజరు రేకును ఎత్తేవారికి ఇవేవియు తెలియవు. చెవులుండునో లేదో తెలియదు. చప్పుడును మోసే గాలి వారి లోకమున ఉండునో లేదో తెలియదు. వారికి దక్కేది గాడిలోని వంకర మాత్రమే. కనుక మనము ఎన్నుకొనే పాటకు సాహిత్యపు గొప్పతనము ప్రయోజనపడదు. తిరిగి తిరిగి వచ్చే వరుస ఉండవలెను. ప్రతిసారియు కొంచెము మారవలెను. ప్రకృతి తనంత తాను చేసినది కాదు, ఎవరో చేసినది అని గుర్తు పట్టుటకు అంతకు మించిన ఆనవాలు లేదు.

మన వారిని అడిగితే మొదట నోటికి వచ్చే పేరు త్యాగరాజస్వామిది. మాకును ఆ అభిమానము తక్కువ కాదు. తెలుగులో పుట్టిన సంగీతములో అంతకంటె ఎత్తైన శిఖరము లేదు. కాని శిఖరమును పంపుట వేరు, మనుషులను పంపుట వేరు. వాయేజరు సంఘము కూడా ఈ గుంజాటనలో పడినది. బాకు మూడు, బేథోవెనుకు రెండు చోట్లు ఇచ్చి, ఆ పిమ్మట పెరూ దేశపు పల్లె పిల్ల పాడిన పెండ్లిపాటకు, జైరు అడవులలోని బాలికల పాటకు, నవహో తెగవారి రాత్రి పాటకు చోటిచ్చినది. వాటిని కట్టినవారెవరో ఎవరికిని తెలియదు.

ఇంకొక నిర్ణయము కూడా ఆ సంఘము చేసినది. చిత్రాలలో యుద్ధము ఉండరాదు, రోగము ఉండరాదు, దారిద్ర్యము ఉండరాదు. మొదటి పరిచయములోనే మన పుండ్లు చూపనేల అని వారి ఆలోచన. మర్యాదగల ఆలోచనయే. కాని దాని ఫలితముగా ఆ రేకులోని భూలోకములో కరవు అనేది లేదు. అందున్న చిత్రాలలో ఎవరును వానకై ఎదురు చూడరు. మేఘము పడమటి కనుమలలోనే బరువు దించుకొని, ఇటు వట్టిదై వచ్చే మన పీఠభూమివారికి ఈ భూలోకము పరాయిదిగా తోచదా? జైసల్మేరు తరువాత దేశములోకెల్ల తక్కువ వాన పడే జిల్లా అని అనంతపురమునకు పేరు; సగటున ఏటికి 550 మిల్లీమీటర్లు. ఆ సగటైనా సకాలమునకు పడదు.

బొమ్మలలో దాచినదానిని పాట బయట పెట్టినది. ఆ రేకులో చివరికి దగ్గరగా బ్లైండ్ విల్లీ జాన్సను అనే నల్లజాతి గాయకుడు 1927లో ఇచ్చిన పాట ఒకటి ఉన్నది. మాటలు లేవు, మూలుగు, గిటారు, అంతే. ఆ అంధుడు ఇల్లు కాలిపోగా ఆ శిథిలములలోనే కాపురముండి 1945లో మరణించినాడు. లేమిని ఎరిగిన కంఠమొకటి ఆ బంగారు రేకులో చేరినందుకు మాకు ఆ సంఘముపై గౌరవము హెచ్చినది.

ఈ దృష్టితో చూస్తే మన జిల్లాలో రెండు పోటీ పడుతున్నవి. మొదటిది ఉరుములు. రెండు ముఖాల చర్మవాద్యము. ఒక ముఖమును పుల్లతో రాపాడిస్తే దూరాన మబ్బు గొణిగినట్లు పలుకుతుంది. పేరే ఉరుము. తరతరాలుగా దానిని కాపాడినవారు దళితవాడలవారు. దేవర జరిగితే వారి వాద్యము ముందు నడవవలెను, గుడి వాకిట మాత్రము వారు నిలిచిపోవలెను అన్న కాలము మన పెద్దలు ఎరిగినదే. ఈ వాద్యమునే పంపితే న్యాయమని మాకు చాలా దూరము తోచినది. అయితే ఉరుములాట తెల్లవార్లు సాగేది. దాని బలమంతయు ఆ సాగుటలోనే ఉన్నది. మూడు నిమిషాలకు కత్తిరిస్తే మిగిలేది చప్పుడు. మూడు నిమిషాలలో ఇమిడిన భైరవిని చూచి అసలు కచేరిని ఊహించుకోగలవారము మనము. ఆ అవతలివారు ఊహించుకోలేరు.

రెండవది కప్పతల్లి పాట. మా ఓటు దానికి.

వాన పట్టనప్పుడు తెలుగుదేశమంతట పిల్లలు చేసే పని ఇది. రోకలికి ఒక కప్పను కట్టి, వేపమండలు చుట్టి, ఇద్దరు రెండు కొసలు భుజాన వేసుకొని ఇంటింటికి తిరుగుతారు. వెనుక పిల్లల మంద పాడుతుంది. ప్రతి వాకిట ఇల్లాలు నీళ్ళు తెచ్చి కప్ప మీద పోస్తుంది. ఈ విషయమున కప్ప అభిప్రాయమును ఎవరును అడిగినట్లు లేదు. పాటకు కట్టినవాడు లేడు, గురువు లేడు, తప్పు పాడినావని తల మీద మొట్టేవాడు లేడు. వరుస నాలుగైదు స్వరాలను మించదు. మరల మరల వస్తుంది. ప్రతి వాకిటను కొంచెము మారుతుంది. గాడిలోని వంకరను చూచేవానికి కావలసినది అదియే అని ఇందాకనే అన్నాము.

మూఢాచారమును నక్షత్రాలకు చాటుకొనుటా అని కొందరు శ్రోతలు వెంటనే కాగితము, కలము తీస్తారు. పాటకు వాన పడునని మేము చెప్పుట లేదు. విరాటపర్వము చదివిన ఊళ్ళలోనైనను, కప్పను ఊరేగించిన ఊళ్ళలోనైనను వాన తన లెక్క ప్రకారమే పడుతుంది. మేము వినుమనేది వేరొకటి. బావి అడుగంటినది, బిందెకు బిందె లెక్క పెట్టుకొనే రోజులు. ఆ రోజులలోనే ప్రతి ఇల్లును ఒక చెంబెడు నీళ్ళు ఎవరికిని కాక, ఒక కప్పకు, ఒక పాటకు ఇస్తున్నది. మగ్గము మీద బ్రతికే యాడికి వంటి ఊరిలోనైనను, శెనక్కాయ చేల మీద బ్రతికే పల్లెలోనైనను ఆ చెంబు వెల ఒక్కటే. మనుషులంటే ఎటువంటివారని అవతలి లోకమువారు అడిగితే ఇంతకంటె దగ్గరి జవాబు మాకు దొరకలేదు. మన జ్ఞానము గురించి అయితే రేకు వెంట పెట్టిన ముల్లే చెబుతుంది.

ఇక ధ్వనిముద్రణ. స్టూడియోకు పిల్లలను పిలిపించుట కూడదు. అక్కడ వారి గొంతులకు బడి అంటుకొంటుంది. మైకు ఊరిలోకి పోవలెను. పిల్లల నోళ్ళ దగ్గర కాక, రోకలి ఎత్తున, వారితోబాటు నడవవలెను. అడుగుల చప్పుడు తుడిచివేయరాదు. కుక్క మొరిగితే మొరగనీయవలెను. నిడివి కేసర్‌బాయికి ఇచ్చినంతయే, మూడున్నర నిమిషాలు. అందులో రెండు వాకిళ్ళు పడతాయి. మొదటి వాకిట పాట, చెంబు అంచు నుండి నీళ్ళు జారుట, ఎండిన నేల వాటిని పీల్చుకొనుట. తడినేల మీద పడిన నీటి చప్పుడు కొంతసేపు నిలుస్తుంది. ఈ నేల మీద వెంటనే ఆగిపోతుంది. ఆ తేడా రికార్డులో పడవలెను. పిమ్మట కొంత నడక. రెండవ వాకిట పాట మరల ఎత్తుకొని, తలుపు గడియ తీసిన చప్పుడు వినబడగానే ఆపివేయవలెను.